దీర్ఘం

శనివారం పొద్దున సొరుగు సర్దుతుంటే దొరికింది
అద్దం మూల పగిలిన నా పాత ఫోను.
షాపువాడు ఏడువందలే ఇస్తానన్నాడు.
ఏడువందలకి అమ్మేకన్నా
ఎవరికైనా ఇచ్చేస్తే గొప్పగా ఉంటుందని,
నిజం చెప్పాలంటే అచ్చం ఆ మాటే అనుకుని,
చర్చి ఊడ్చే రిబ్కాకి ఇచ్చాను.
రెండు చేతులతో అందుకుంది.
ఆ రెండు చేతులు నాకు వారమంతా సరిపోయాయి.

మెట్టుగూడ మెట్రో స్తంభాల కింద
స్కూటర్ మీద పోతూ
గ్రూపు ఫోటోలో దుప్పట్లు పంచేవాడిలా
నాలో నేనే నవ్వుకున్నాను.

ఫోనులోంచి నన్ను తీసేయడం మాత్రం మరిచాను.

బుధవారం రాత్రి రాయదుర్గం ఆఫీసులో
ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతుకుతున్నాను.
అదే నా ఉద్యోగం, తప్పు పట్టుకుంటేనే జీతం.
నా లాప్‌టాప్ మీద
నాది కాని ఫోటో వచ్చి వాలింది.
రేషన్ కార్డు.
వెనకే గ్యాసుబండ మీది నంబరు.
లెక్కల నోటుబుక్కు, ఎర్ర టిక్కులు.
పగిలిన మడమ ఒకటి, బాగా దగ్గరగా,
ఏ డాక్టరుకి చూపించడానికో.
ఒకే పిల్లి, పన్నెండు సార్లు.

ఒక్క నొక్కుతో ఆగిపోతుంది.
రేపు అనుకున్నాను.
గురువారం కూడా రేపే అనుకున్నాను.
ఇచ్చిన చెయ్యి వెనక్కి రాకుండా
వాళ్ళింటి గూట్లో కూర్చుని చూస్తోంది.
దాన్ని ఏమంటారో తెలుసు.
సింక్ అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం చర్చిలో తెర నాది, కంప్యూటర్ నాది.
పాటల పుస్తకాలు అటకెక్కి మూడేళ్ళు.
కానుకల సంచి పక్కన క్యూఆర్ అట్ట కూడా నేనే అంటించాను.
ఇప్పుడు చిల్లర చప్పుడు లేదు.
వెనక బల్ల తబితమ్మ మాత్రం
ఇంకా కొంగుముడి విప్పుతుంది,
ఆ ఒక్క బిళ్ళా సంచిలో దేనికీ తగలక
మెత్తగా పడిపోతుంది.

మధ్యాహ్నం మటన్ షాపు ముందు
ముప్పై మూడో టోకెను పట్టుకుని ఫోను తెరిచాను.
కొత్త ఫోటో.
మా చర్చి తెర.
నేను టైపు చేసిన ప్రార్థన,
కింద మూల నా బట్టతల సగం.
మూడో వరుసలో ఒక మాట చుట్టూ
వేలితో గీసిన ఎర్ర సున్నా.

"నీ క్షామ మా మీద కురిపించుము."

క్షమ అన్నచోట క్షామ.
ఒక్క దీర్ఘం ఎక్కువైంది, అంతే.
మూడు వారాలుగా అదే స్లైడు.
కరువు కురిపించమని
రెండువందల మందిమి చేతులెత్తి అడిగాం.
పాస్టరుగారు ఆమెన్ అన్నారు.
వానలు రాలేదని పార్కింగులో తిట్టుకున్నాం.

కత్తి మొద్దు మీద పడుతోంది.
"ముప్పై నాలుగు!" అని అరిచాడు.
నా నంబరు ఎప్పుడు దాటిపోయిందో.

సాయంత్రం మళ్ళీ చర్చికి వెళ్ళాను.
రిబ్కా బల్లలు తుడుస్తోంది.
"థాంక్సమ్మా, తప్పు చూపించావు" అన్నాను,
ముందూ వెనకా చూసుకోకుండా.

"మా పిల్ల చెప్పింది సారూ, గా దీర్ఘం ఎక్కువైందని.
సదువుకున్నోళ్ళు, కొత్త మాటేమో అని ఊకున్న."
తుడుస్తున్న చెయ్యి ఆగింది.
"నేనెవ్వరికీ చూపియ్యలే.
మరి మీకెట్ల ఎరుక?"

పైన ఫ్యాను తిరుగుతోంది.
కీబోర్డు మీదైతే ఒక్క అక్షరం చెరిపితే పోతుంది.
నోట్లోంచి ఆ చిన్న మాట రావాలి,
దీర్ఘం లేకుండా.

ముందు ఫోను ఇటివ్వమన్నాను.
ఇచ్చింది.
ఈసారి ఒక చేత్తోనే.
రెండో చేతిలో తడిగుడ్డ ఉంది,
అందుకేనేమో.