ఉడకని పప్పు

నూటపన్నెండు మంది పిల్లలు.
పదకొండున్నరకి గరిటె తిప్పితే
కందిపప్పు ఇంకా గులకరాళ్ళలాగే ఉంది.

మొదటిరోజు కొట్టువాణ్ణి తిట్టాను, పాత పప్పు పోశాడని.
రెండోరోజు పొయ్యిని తిట్టాను.
మూడోరోజు గుర్తొచ్చింది,
కాలువ కట్టేశారు,
డ్రమ్ముల్లో దాచిన నీళ్ళు అయిపోయాయి,
ఇప్పుడు పోస్తున్నవి బడి బోరు నీళ్ళు.

కాలువ నీళ్ళలో పప్పు
పిలిస్తే పలికే పిల్లలా ఉడికేది.
బిందెలో పటికముక్క నాలుగుసార్లు తిప్పితే
బురదంతా అడుక్కి పోయి పడుకునేది,
పైన నీరు అద్దంలా తేరేది.
మా అత్త చూపించిన పని.
ఎందుకలాగని నేనూ అడగలేదు,
ఆవిడా చెప్పలేదు.

కృపావతి టీచరుగారు వంటపాకలోకి వచ్చి
గిన్నె లోపల పట్టిన తెల్లటి పెచ్చుని
గోటితో గీకి చూశారు.
"నీళ్ళే కరుకండీ, పప్పు తప్పు కాదు" అన్నారు.
మూడు రోజుల్లో నా వైపు మాట్లాడింది
ఆవిడొక్కరే.

మర్నాడు ఏడో తరగతి మొత్తం సీసాలతో దిగింది.
కాలువ మడుగులో మిగిలిన నీళ్ళు, చేతిపంపు నీళ్ళు,
ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు,
వీరభద్రం వాళ్ళ కొబ్బరితోట నూతి నీళ్ళు.
ఒకడు బొండం నీళ్ళు తెచ్చాడు గానీ
బెల్లు కొట్టేలోపే తాగేశాడు.

సీసాకి చిటికెడు సబ్బు గీరి, ఊపమన్నారు.
టిన్ను నీళ్ళు మూతిదాకా నురగ కక్కాయి.
నూతి నీళ్ళు కాస్త మొహమాటపడ్డాయి.
బడి బోరు, విరిగిన పాలలా తరకలు కట్టింది.
భవ్యశ్రీ మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది,
ఒక్క బుడగ లేదు.
అది వాళ్ళ రొయ్యల చెరువు గట్టు మీది బోరు.

తరవాత నా ఇనప పెనం అడిగారు.
ఒక్కో నీరూ ఒక్కో చెంచా, ఎండలో.
మధ్యాహ్నానికి ఎండే లెక్క తేల్చింది.
టిన్ను నీళ్ళు పడ్డచోట ఏమీ లేదు,
నూతి నీళ్ళకి వెంట్రుకంత గీత,
భవ్యశ్రీ నీళ్ళకి
ముగ్గుగిన్నె ఒలికినట్టు తెల్లటి గుండ్రం.
ఒక బుడతడు వేలద్ది నాకి "సముద్రం" అన్నాడు.
సముద్రం మాకు పదకొండు కిలోమీటర్లు.

ఎవరూ నవ్వలేదు.
ఆ పిల్ల సీసా మూత బిగిస్తోంది, విప్పుతోంది,
మళ్ళీ బిగిస్తోంది.
ఏదో ఒకటి అందామనుకున్నాను.
మావాడి జీతం ఆ గట్టు మీదే.
బడిలో తిరిగే ఫ్యాన్లు వాళ్ళ నాన్న కొనిచ్చినవే.
పిల్ల గిన్నెలో ఇంకో గరిటెడు చారు పోశాను,
అంతే.

మూడేళ్ళుగా మా దొడ్లో తోటకూర అంచులు మాడుతుంటే
తెగులనుకున్నాను.
గట్టుపక్క మడిలో నారు ఎర్రబడితే
ఎరువు చాల్లేదన్నారు మావాళ్ళు.
వానాకాలం రాత్రి కప్పలు అరవకపోతే
నాకు చెవుడొచ్చిందనుకున్నాను.
చదువు లేదు కదా అని
కళ్ళకి కనపడ్డదాన్ని కూడా
నేను నమ్మలేదు.

ఆ రాత్రి ఉరుముల్తో జల్లు పడింది.
బడి వరండా గొట్టం కింద పిల్లలు పెట్టిపోయిన డ్రమ్ములో
పొద్దున్నకి నిండా నీళ్ళు.
మొదట కారిన మురికి నీళ్ళు పారబోసి
మిగతావి వడగట్టి, కాచి, ఎసట్లో పోశాను.
పప్పు మూడు పొంగులకే మెత్తబడి
గరిటెకి చుట్టుకుంది.

బిందెడు వాన నీళ్ళు ఇంటికి తెచ్చుకున్నాను.
రాత్రి కాపలా దిగొచ్చిన మా అబ్బులు
నూతిగట్టు కాడ ఒళ్ళు రుద్దుకుంటూ
రోజూలాగే సబ్బు కంపెనీని తిడుతున్నాడు.
నేనేమీ అనలేదు.
బిందె తెచ్చి వాడి పక్కన పెట్టాను.

కాసేపటికి చీకట్లోంచి కేక,
"ఇదేం సబ్బమ్మా, ఇంత నురగొస్తోంది?"

"అదే సబ్బురా" అన్నాను.