ముక్కుకు ఇరవై గ్రాములు

జడ్చర్ల చౌరస్తాల నాది టైర్ల బ్యాలెన్సింగ్ షాపు.
నిలబడ్డ చక్రం ఏనాడూ నిజం చెప్పదు.
తిప్పితేనే
ఎక్కడ వణుకుతున్నదో ఒప్పుకుంటది.
ఆడ ఇంత సీసం అంటించి పంపిస్త.
ఇరవై రెండేండ్ల సంది ఇదే పని.

గందుకే ఖలీల్ సాబ్ నా దగ్గరికొచ్చిండు,
చంకల ఒక యుద్ధవిమానంతోని.
థర్మకోల్ ఒళ్లు, మట్టిరంగు మీద ఆకుపచ్చ మచ్చలు,
రెక్కలకు ఎనిమిది తుపాకులు.
తుపాకులంటే ఏం లేదు,
సూది కాల్చి పొడిచిన బొక్కలు.
హరికేన్ అంట దాని పేరు.
బీదర్‌ల ఇరవై ఏండ్లు
వేరేటోళ్లు ఎక్కిపోయే విమానాలకు బోల్టులు బిగించిన మనిషి,
పింఛను పైసలు పెట్టి ఇది కొన్నడు.
ఇంట్ల చెప్పలేదు.

"ఇడవంగనే ముక్కు పైకెత్తుతది,
యాదో మరిచిపోయినట్టు ఆగుతది,
ఇగ కూలుతది.
తోక బరువున్నది యాదగిరన్నా,
నా చేతులు వణుకుతున్నయి, నువ్వు పట్టు" అన్నడు.

రెక్క కిందికున్న రకానికి
తలకిందులుగ పట్టుడే పద్ధతంట.
ముందంచు నుంచి నాలుగు వేళ్ల దూరంల
బాల్‌పెన్నుతోని రెండు చుక్కలు.
ఆ చుక్కల కింద నా చూపుడువేళ్లు రెండు.
ఊపిరి బిగబట్టిన.
ప్లాస్టిక్ మూతల బొమ్మ పైలట్
గబ్బిలం లెక్క వేలాడుకుంట నన్నే చూస్తున్నడు.
వానికి మొఖం లేదు, మీసం మాత్రం గీసిండు సాబ్.

తోక మెల్లగ వంగింది.

బ్యాటరీ కింద ఐదు గ్రాముల సీసం.
ఇంకా వంగింది.
పది.
బెంగళూరు లారీ ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది,
రోడ్డు ఊగింది, వేళ్లు ఊగినయి,
మళ్ల మొదటి నుంచి.
ఇరవై దగ్గర
అది ఎటూ వంగలేదు.
మేం ఇద్దరం ఏం మాట్లాడలేదు.
ఛాయ్ తెచ్చిన పోరడు గుమ్మంలనే నిలబడ్డడు.

అప్పుడు చూసినం ఎడమ రెక్కను.
పోయినసారి విరిగిన చోట
భయానికి జిగురు ఎక్కువ పోసిండు,
అతుకు బరువు.
కుడి రెక్క కొసకు
నా గల్లాల రూపాయిబిళ్ల తీసి టేపు వేసిన.

తెల్లారి ఐదున్నర, బాదేపల్లి అవతల
పల్లికాయ పీకిన చెల్క.
గాలి ఇంకా లేవలేదు.
గొర్లు తోలుకపోతున్న మైసయ్య ఆగి అడిగిండు:
"బాంబులేస్తదా పటేలా ఇది?"
"ఎయ్యదు కాకా,
సక్కగ పోవుడే ఇంకా రాలేదు దానికి."

నాలుగడుగులు ఉరికి ఇసిరిన.
లేసింది.
ఎడమకు గుంజుతున్నది, పాతబుద్ధి.
ఖలీల్ సాబ్ బొటనవేలు రిమోట్ మీద చిన్న మీటను నొక్కింది:
టిక్.
చూసిండు.
టిక్.
ముక్కు కొంచెం లేస్తున్నదని కిందికి ఇంకొకటి,
ఉప్పు చూసి వేసినట్టు.

ఇగ రెండు చేతులూ ఎత్తిండు రిమోట్ మీది నుంచి.
"చూడు, నేను పట్టుకోలేదు" అన్నడు.
నిజంగనే పట్టుకోలేదు.
రిమోట్ మెడకు వేలాడుతున్నది,
విమానం తన దారిన తను
తుమ్మచెట్ల మీదికెళ్లి రైలు పట్టాల దిక్కు
గీత గీసినట్టు పోతున్నది.
"సాబ్, పట్టాలు! తిప్పుండ్రి!"
"ఇంకొంచెం" అన్నడు,
గడ్డం పైకెత్తి, చేతులు గాలిల పెట్టి,
నేనెన్నడూ చూడని మొఖంతోని.

దిగేటప్పుడు గెట్టుకు తాకి ప్రొపెల్లర్ విరిగింది.
సీసం ఊడలేదు.
పైలట్ మీసం ఊడలేదు.
కుడి రెక్క మీది రూపాయి లేదు.

ఎర్రమట్టిల ముగ్గురం వంగి ఎతికినం.
మైసయ్య గొర్లను పక్కకు అదిలించి
చేతికర్రతోని పల్లితీగెలు తిరగేసిండు.
పొద్దు నెత్తికొస్తున్నది, షాపు తెరువలేదు.
"నా జేబుల ఇంకో రూపాయి ఉన్నది సాబ్,
అంతే బరువు" అన్న.

మోకాళ్ల మీది నుంచి లేవకుంటనే
"అదే కావాలె" అన్నడు.