అరగ్లాసు పాలు

కాశీనగర్ గేటు కాడ నా టీ బడ్డీ.
గుణుపురం బండి కూతేసి ఎల్లిపోయేక
మళ్ళీ సాయంత్రవే.
ఆ మజ్జిన ఊరు కునుకు తీస్తాది,
నాను గ్లాసులు తోముకుంటాను.

స్కూలు మైదానంలోంచి కేక.
ఖోఖో ఆడతా ఆడతా సుకాంతి
కర్ర స్తంభానికి మొహం గుద్దేసుకుంది.
కొండ మీది సవర గుంట, హాస్టల్లో ఉంటాది,
ఎనిమిదో తరగతి.
నోటి నిండా నెత్తురు.
పై వరసలో నడిమి పన్ను
నోట్లో నేదు.

పాణిగ్రాహి మాస్టారు ఎతికి ఎతికి
ధూళిలో దొరికిన దాన్ని
జేబురుమాలుతో తుడవబోతన్నారు, గట్టిగా.
"ఒద్దు బాబూ, తుడవకు!"
నా గొంతు నాకే కొత్తగా ఇనిపించింది.

నా నోట్లో ఓ కిటికీ ఉంది, సూడండి.
పద్నాలుగేళ్ళప్పుడు
బోరింగు హేండిలు ఎగిరి తన్నింది.
మాయమ్మ ఆ పన్నుకి సబ్బెట్టి తోమింది,
మెరిసే దాకా తోమింది,
కాయితంలో సుట్టి తలగడ కింద ఎట్టింది.
మూడోనాడు పర్లాకిమిడి ఎళ్తే
డాట్రుబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి
"ఎంత శుభ్రంగా సంపేసేరమ్మా" అన్నాడు.
ఆ మాటని ముప్పయ్యేళ్ళు నమిలేను.

పన్ను వేరుకి సన్నటి పోగులుంటాయట,
కంటికి ఆనవు,
ఆకుమడిలోంచి పీకిన నారుకి
బురద అంటుకున్నట్టు.
అది కడిగేస్తే మళ్ళీ నాటినా పట్టదు.
వరి నాటిన దాన్ని,
ఈ ముక్క నాకెవలూ ముందు సెప్పనేదు.

మాస్టారి సేతిలోంచి తీసుకున్నాను
వేరు ముట్టకుండా, కొరికే కొస పట్టుకుని.
సెంబుతో నీళ్ళు, ఒక్క ధార, అంతే.
"నోరు తెరువమ్మా, దాని గుంతలో దాన్ని ఎట్టేద్దాం" అంటే
గుంట తల అడ్డంగా ఊపేసింది. వణికిపోతంది.
బలవంతం ఎందుకు.

పొయ్యి మీద పాలు మరుగుతన్నాయి, పంచదారతో.
అవి పనికిరావు.
కొత్త పాకెట్టు తీసేను.
రోజూ పళ్ళతో సింపుతాను పాకెట్లు,
ఉన్న పళ్ళతోనే, సిగ్గు నేకుండా.
ఆ రోజు కత్తెర ఎతుక్కున్నాను.

అరగ్లాసు సల్లటి పాలు.
అందులో పన్ను ములిగిపోయింది
పరవాన్నంలో జీడిబద్దలాగ.

ఉతికిన గుడ్డ మడత పంటి కింద,
సోడా పెట్లోంచి ఐసు ముక్క పెదవి మీద.
రైలు కోసం కూకుంటే పన్ను సచ్చిపోతాది.
దుర్యోధన్ వంకాయల ఆటో ఆపేను.
"గంట లోపు, గంట లోపు" అని నాను అరుత్తుంటే
గ్లాసు మీద అరిచెయ్యి మూసి
గతుకు గతుక్కీ ఓ దేవుణ్ణి పిలుత్తా ఎల్లేరు మాస్టారు.

మరో మాట. సుకాంతి తమ్ముడికి ఆరేళ్ళు.
ఆడిది ఊడితే ఇంత గోల నేదు.
పాలపన్నుని మళ్ళీ గుంతలో ఎట్టకూడదు,
కింద రావలసింది పాడవుతాది.
దాన్ని పెంకుల మీదకి ఇసురుకోండి, మీ ఇష్టం.

పన్నుకి తీగ కట్టేరు, రెండు వారాలు.
"నిలుస్తాదా?" అంటే
"సూడాలి" అందట డాట్రమ్మ.
నొప్పొస్తే రండి, రంగు మారితే రండి,
ఏటీ నేకపోయినా రండి.

వాళ్ళయ్య కొండ దిగొచ్చేడు, అల్లం మూటతో.
దవడ బూరెలాగ ఉంది.
సిగుళ్ళకి గుడాకు రాసుకుంటన్నాడు,
దాని మీద బిళ్ళ నూరి అద్దేడట, కాలి తెల్లగా పొక్కింది.
కూతురు సవర మాటల్లో ఏటో తిట్టింది.
నాకు రెండే అర్థవయ్యేయి:
ఆసుపత్రి, రేపు కాదు.

ఆయన తలాడించి, సోడా సీసా తీసుకుని
మూత పళ్ళ మజ్జిన ఎట్టేడు.
ఇద్దరం ఒక్కసారే అరిసేం.

అందుకే ఆ గుంజకి పురికోసతో
ఓపెనరు ఏలాడదీసేను.
పళ్ళతో తీసినోడికి నా బడ్డీలో టీ నేదు.

మీకా? టీయేనా?
ఉండండి బాబూ, పాలు కొత్త పాకెట్టు తియ్యాలి.
ఈ కత్తెర
ఎక్కడ సచ్చిందో.