లోపలి ప్యాడ్

ఎల్ ఆల్టో గట్టు మీంచి లాపాజ్ లోయలోకి
రోజుకి ఆరుసార్లు దిగే ముసలి టొయోటా.
నెల్లాళ్లుగా మలుపు మలుపుకీ కీచుమంటే
రేడియో పెంచుతూ వచ్చాను.

చక్రం ఊడదీస్తే
బయటి ప్యాడ్ ఇంకా సగం ఉంది,
ఎవరడిగినా చూపించుకోవచ్చు.
లోపలిది ఉత్త రేకు.
పిన్ను బిగుసుకుపోయి
ఇన్నాళ్లూ అదొక్కటే ఒరుసుకుంది కాబోలు.
డిస్కు నిండా చాళ్లు, దున్నినట్టు.

"అమ్మేయరాదూ కసిమీరా" అంటాడు ఎవులోహియో,
టార్చి వెలుగు
నాకక్కర్లేని చోటే వేస్తూ.

తుప్పు పట్టిన డిస్కు రానంటోంది.
సుత్తి తీసుకున్నాను.
దెబ్బకో పేరు:
అప్పులవాడు, యూనియన్ గుమాస్తా, మా ఆడబిడ్డ.
ఏడో దెబ్బకి,
ఎవులోహియో పేరుకి,
ఊడింది.

కొత్తది నూనె తుడిచి ఎక్కించాను.
బండి కదిలే ముందు పెడల్ తొక్కితే
నేలదాకా పోయింది,
దాంతోపాటే నా గుండె.
మళ్లీ తొక్కాను. మళ్లీ.
నాలుగోసారికి
కాలికింద గట్టిగా నిలబడింది.

పొద్దున్నే మొదటి ట్రిప్పు.
మలుపులో చప్పుడు లేదు.
వెనకసీట్లో ఎవరిదో గురక,
ఎప్పట్నుంచో మరి,
ఎడమ తలుపు కిరకిర.

చెయ్యి రేడియో దాకా వెళ్లి
తిరిగి స్టీరింగు పట్టుకుంది.