ఖాళీ బరువు

రాజాం, చీపురుపల్లి రోడ్డు.
అరవై టన్నుల కాటా నాది.
నాది కాదు, యజమానిది;
పదిహేడేళ్లుగా అద్దాల గదిలో కూర్చున్న కుర్చీ మాత్రం నాది.
రెండుసార్లు స్పాంజి మార్పించాను,
రెండుసార్లూ నా ఆకారానికి లొంగిపోయింది.

గోగునార బేళ్లు, మొక్కజొన్న, సంకిలి వెళ్లే చెరుకు.
నిండు బండి ఎంత, ఖాళీ బండి ఎంత,
తీసేస్తే సరుకెంత.
ఈ మూడు అంకెలతోనే పిల్లని డిగ్రీ దాకా చదివించాను.
డ్రైవరు కేబిన్లో నక్కి కూర్చున్నా
ఎర్రంకెలు చూసి పట్టేస్తాను:
"దిగవయ్యా సూర్నాయుడూ,
నీ బరువు కూడా చెరుకు లెక్కలో పడిపోతంది."

అలాంటిది, నా అంకెలు నాకు ఇంకొకరు చెప్పారు.
తొంభై నాలుగు.
నూట డెబ్భై రెండు బై నూట ఆరు.
డాక్టరమ్మ మాధురీ పట్నాయక్
తిట్టలేదు. అందుకే భయమేసింది.
కాగితం వెనక మనిషి బొమ్మ గీసి
వెన్ను పొడవునా రెండు గీతలు లాగింది.
ఇవి మీ మాట వినని నరాలు, అంది.
ఒకటి తరుముతుంది, ఒకటి నిమురుతుంది.
గుండెని కొట్టుకోమని మీరు చెప్పారా?
కొవ్వు పేరుకునే కొద్దీ తరిమేది ఊరుకోదు,
రక్తనాళాల్ని బిగిస్తుంది,
ఉప్పు వదలొద్దని మూత్రపిండాలకి కబురంపుతుంది.
మీరు కుర్చీలోనే ఉంటారు,
లోపల ఎవరో పరుగెడుతూనే ఉంటారు.

అంటే నాలో ఇంకో కాటా గది ఉంది.
దానికి సెలవు లేదు, షట్టరు లేదు.
అందులో మనిషిని నేనెప్పుడూ చూడలేదు,
నేను పుట్టకముందే చేరినట్టున్నాడు,
ఒక్కసారీ జీతం అడగలేదు.
పాపం, వాడికి కుర్చీ ఉందో లేదో.

ఉప్పుచేప మానేశాను.
(మానేశాననే చెప్పాను.)
పొద్దున్నే చోడంబలి, అమ్లోడిపిన్ బిళ్ల,
చెరుకు లారీల హారన్ల మధ్య రోడ్డు పొడుగునా నడక.
నాలుగు నెలలకి ఆరు కేజీలు దిగాను.
సంబరపడి కాటా మధ్య నిలబడ్డాను.
మొదటిరోజు తొంభై చూపించింది, ఇప్పుడూ తొంభయ్యే.
పదుల్లో తప్ప దానికి లెక్క రాదు,
ఇనప జాతి.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ
రాత్రి నిద్ర ఎలా ఉందని అడిగింది.
నిద్రపోయేవాడికేం తెలుస్తుంది?
గుమ్మం దగ్గర నిలబడే చిన్నమ్మడు చెప్పింది:
"గురకెట్టి గురకెట్టి ఉన్నపాటున ఆగిపోతాడమ్మా.
నాను ఏళ్లు లెక్కెడతాను. పది, పన్నెండు...
ఒకపాలి ఇరవైకెళ్లింది.
ఎగూపిరి తీసి మళ్లీ మొదలెట్టిందాకా
నా పేనం అక్కడే."
ఎన్నాళ్లనుంచి?
"అమ్మాయి పదో తరగతప్పుడు నుంచి."

ఎనిమిదేళ్లు.
ఊపిరాగిన ప్రతిసారీ లోపలివాడు
గంట కొట్టి ఒంటినంతా లేపుతాడట.
ఆ గంట నాకు వినపడలేదు.
గంటకి ముందుండే నిశ్శబ్దం
పక్కనున్న మనిషి విన్నది.

"ఇలా కూర్చోండి" అంది డాక్టరమ్మ, నాతో కాదు.
"నాకెందుకమ్మా, నాను రివటని."
నలభై ఆరు కేజీలు.
నాకు కట్టిన పట్టీ ఆ చేతికి వదులైపోతే
చిన్నది వెతికి తెచ్చారు.
నూట అరవై ఎనిమిది.
రెండోసారీ అంతే. మూడోసారి కుడిచేతికి.
ముగ్గురం మాట్లాడలేదు,
పట్టీలోంచి గాలి పోతున్న చప్పుడు.

తీసేస్తే ఎంత?
పదిహేడేళ్ల లెక్క నోటికి రాలేదు.

ఇంటికి పోకుండా కాటా దగ్గరికి తీసుకెళ్లాను.
బండ్లేవీ లేవు. ఇద్దరం ఎక్కాం.
"ఇదేటి, నవ్వుతారు" అంటూనే
పమిట సర్దుకుని ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది.
బయటి బోర్డు మీద నూట ముప్పై.
నా ఎనభై ఎనిమిదీ ఆమె నలభై ఆరూ కలిపితే
నాలుగు కేజీలు తక్కువ.
"ఎవరివి పోనాయి?" అంది.

చీటీ కొట్టాను.
బండి నంబరు దగ్గర ఏం రాయాలో తెలీక
ఖాళీగా వదిలి,
ఇద్దరి మాత్రలూ అందులోనే చుట్టి
జేబులో పెట్టుకున్నాను.