పదకొండో నిబంధన

జోంబాలో ప్రభుత్వ ముద్రణాలయం.
రేకుల మీద చిపెరోని జల్లు, జూన్ చలి,
నా బల్ల మీద ఇంకా తడి ఆరని బిల్లు.
దేశాధ్యక్షుడు ఖజానా సొమ్మును
సొంతానికి గానీ, కుటుంబానికి గానీ, పార్టీకి గానీ
ఖర్చు చేయరాదు.

ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను,
రాదు అనే మాట నాకు కొత్త కాదు.
ఆస్పత్రి కిటికీ దగ్గర విన్నాను: ఈ నెల ఇన్సులిన్ రాదు.
బడిలో విన్నాను: సుద్దముక్కల పెట్టె రాదు.
మా జీతాల గుమాస్తా అయితే నోటితో అనడు,
కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు,
మాకు అర్థమైపోతుంది.
అదే మాట ఇలా మెట్లెక్కి వెళ్లి
పెద్ద భవనం గుమ్మానికి అడ్డంగా నిలబడటం
ఇప్పుడే చూస్తున్నాను.

మెషిన్ తిప్పే బ్వానలి నా భుజం మీంచి చదివి నవ్వాడు.
"ఎస్నాత్ అక్కా, నిప్పు ముట్టుకోకూడదని
పసివాడికి తెలియడానికి ఒక్క చురక చాలు.
ఈయనకి నలభై పేజీలా?"

నేను నవ్వలేదు.
నిరుడు ఇదే బల్ల మీద
అధ్యక్షుల వారి అమ్మాయి పెళ్లి శుభలేఖలు దిద్దాను.
రెండువేలు. బంగారు అంచు.
వరుడి పేరులో ఒక అక్షరం తారుమారైతే పట్టుకున్నది నేనే,
మెచ్చుకుని పైనుంచి కేకు ముక్క పంపారు.
పని చీటీలో ఆ ఖర్చు రాసిన ఖాతా
కలరా హెచ్చరిక పోస్టర్లు.
ఆ చీటీలో అక్షరదోషాలు లేవు.
సంతకం పెట్టాను.
వానలొచ్చాయి. నీళ్లు కాచి తాగమని
ఏ గోడా ఎవరికీ చెప్పలేదు.
కేకు బాగుంది. అది కూడా చెప్పాలి.

గురువారం రెండో ప్రూఫు వచ్చింది.
పదకొండో నిబంధన పక్కన ఆకుపచ్చ సిరాతో
ఎవరిదో తొందర చేతిరాత:
అవసరమని తాను తలిస్తే తప్ప.
నాలుగే మాటలు.
కొత్తగా కట్టిన దడికి
ఆబోతు పట్టేంత కంత.

వ్యాకరణం సరిగ్గానే ఉంది,
కామా ఉండాల్సిన చోటే ఉంది.
కొట్టేసే హక్కు నాకు లేదు, కలిపే హక్కూ లేదు.
ప్రూఫులు దిద్దేవాళ్లకు ఈ ప్రపంచం ఇచ్చిందల్లా
మార్జిన్‌లో ఒక ప్రశ్న గుర్తు.

పెట్టాను.
ఎర్ర పెన్సిలు మొన విరిగేలా నొక్కి పెట్టాను,
కింది మూడు కాగితాల మీద కూడా దాని వంపు దిగబడింది.
బ్వానలి ఈసారి నవ్వలేదు,
మెషిన్ ఆపి
చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.
మూడో ప్రూఫు రాలేదు.
రాదు అని
ఇంకా ఎవరూ అనలేదు.