గారపళ్ళు

పామూరు రోడ్డు మీద పెట్రోలు బంకు పక్కన
బండి ఆపాను.
ఇంజను ఆగాక కూడా కాసేపు ఒళ్ళు అదురుతూనే ఉంది,
పద్నాలుగు నెలల అలవాటు.
"కనిగిరి ఇంతేనా?" అంది వెంగమ
కాపరానికొచ్చి ముప్పయ్యేళ్ళున్న ఊరిని
కిటికీలోంచి కొత్తగా చూస్తూ.

రిటైరైన రోజు శాలువా కప్పి
ఇక ఇంటిపట్టున ఉండండి సర్వేయరు గారూ అన్నారు.
ఎవరింటిపట్టున?
ముప్పై నాలుగేళ్ళు గొలుసు లాగి
అన్నదమ్ములకి జానాబెత్తా పంచినవాణ్ణి.
గట్టురాయి జరిగిందని తలలు పగలడం చూసి
నా పేరున సెంటు భూమి రాయించుకోలేదు.
ఊరు పొమ్మనలేదు, కాడు రమ్మనలేదు,
రోడ్డు రమ్మంది.
ఒంగోల్లో పాత టెంపో ట్రావెలర్ కొని
పదమూడు సీట్లు పీకించాను.
ఒక మంచం, ఒక పొయ్యి, నెత్తిన సోలార్ పలక,
అడుగున అరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు.
మిగిలిన ఒక్క సీటు బెల్టూ
వెంగమ ఆవకాయ జాడీకి.

చెక్‌పోస్టుల్లో శాశ్వత చిరునామా అడుగుతారు.
తమ్ముడి ఇంటి నంబరు రాస్తాను.
వాడా ఇల్లు అమ్మేసి రెండేళ్ళు.

ఏ ఊరెళ్ళినా నా మొదటి ప్రశ్న మాత్రం
నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి?
ఊళ్ళన్నీ నాకు నీళ్ళుగానే గుర్తు.
తుంగభద్ర పక్కన ఇనప రుచి,
కొంకణంలో తడి ఆకుల వాసన,
ఒకచోట సబ్బు నురగరాదు,
ఒకచోట ఎంత కడిగినా జారుడు పోదు.

నాగౌర్ దాటాక ఒక పల్లెలో
టీకొట్టు మనిషి గ్లాసు అందిస్తూ
నా నోటికేసి చూసి ఆగిపోయాడు.
తర్వాత వేలితో తన పైపెదవి ఎత్తి చూపించాడు.
అవే పసుపు చారలు. అవే గోధుమరంగు గంట్లు.
నా మాట అతనికి రాదు, అతని మాట నాకు రాదు.
డబ్బులు తీసుకోలేదు.
"మీవోళ్ళు ఈడ గూడా ఉండారే" అంది వెంగమ.
ఉలవపాడు మనిషి, తెల్లటి పళ్ళు,
ఏమైనా అంటుంది.

ఇప్పుడు బంకు కుళాయికి పైపు తగిలిస్తుంటే
పంపు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.
"పెద్దాయనా, అయి తాగమాక!
గిన్నెలు కడుక్కునేదానికే.
తాగేయి ప్లాంటు కాడ, క్యాను పది."
ఏ ఊరు మీది అని కూడా అడిగాడు.
నవ్వాను.
నేను మామూలుగా పెదాలు మూసి నవ్వుతాను,
పెళ్ళిఫొటోలో కూడా అంతే.
ఈసారి తెరిచాను.
వాడి వెనక నక్కిన చెల్లెలు బయటికొచ్చి
"తాతా, నువ్వు పళ్ళు తోంకోవా?" అంది.
పచ్చికొబ్బరి ముక్కల్లాంటి పళ్ళు దానివి.

ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అడిగే పిల్ల పుట్టిందన్నమాట.
మా క్లాసులో ఎవరికీ తట్టలేదు.
పళ్ళంటే ఆ రంగే అనుకున్నాం.
అమ్మ నడుము మాత్రం
బావిలోకి వంగిన వంపులోనే ఉండిపోయింది,
పాడె మీద కూడా సరిగ్గా ఆనలేదు.

చీకటిపడ్డాక మాలకొండయ్య మోపెడ్ మీద వచ్చాడు.
మెడ తిరగదు వాడికి.
నన్ను చూడ్డానికి మనిషి మొత్తం తిరిగాడు.
"ఎన్నాళ్ళుంటావురా?"
"ట్యాంకు నిండిందాకా."
"నిండిందిగా, మూడు క్యాన్లు పోశారంటనే."
వాడూ తెరిచే నవ్వాడు.

వెంగమ ఏమనుకుందో ఏమో
క్యాను నీళ్ళు వదిలేసి
కుళాయి నీళ్ళతో పొయ్యి మీద కందిపప్పు పెట్టింది.
ఒక్క పూటకి ఏం కాదులే అంది.
తొమ్మిదైంది, పదైంది,
గరిటెతో తీసి నొక్కితే పలుకు పలుకే.
గ్యాసు సన్నగా వెలుగుతోంది.
మాలకొండయ్య మెట్టు మీద కూర్చుని
ఎవరెవరు పోయారో చెబుతున్నాడు.
ఎవరం పొయ్యి ఆపలేదు.